"పాపం ఆయన మాత్రం ఏం చేస్తాడు": హెచ్ఆర్ హెడ్లకీ, లేబర్ ఆఫీసర్లకీ, మా టీమ్ లీడ్ అన్నలకీ అక్కలకీ ఒక బహిరంగ లేఖ

హైదరాబాద్‌లోని ఐటీ, బీపీఓ కంపెనీల హెచ్ఆర్ హెడ్లకి, డెలివరీ మేనేజర్లకి, తెలంగాణ కార్మిక శాఖ అధికారులకి, చివరిగా నాలాగే టీమ్ లీడ్ అని పిలిపించుకుంటున్న వాళ్ళందరికీ నమస్కారం.

మీరంతా బిజీ అని తెలుసు కాబట్టి నేరుగా విషయంలోకి వస్తా. నేను పదకొండేళ్ళు ఈ ఊళ్ళో సపోర్ట్ ప్రాజెక్టుల్లో పనిచేశా, అందులో చివరి నాలుగేళ్ళు టీమ్ లీడ్‌ని. పోయినేడాది నన్ను తీసేశారు, తీసేశారు అనకూడదంట, నేనే రిజైన్ చేశానంట. దాని మీద కంపెనీ హెచ్ఆర్‌కి మూడు మెయిళ్ళు పెట్టా, మొదటిదానికి ఆటోమేటిక్ రిప్లై వచ్చింది, మిగతా రెండింటికి అదీ రాలేదు. లేబర్ ఆఫీసులో అర్జీ ఇచ్చా, "మీరు సూపర్‌వైజర్ కదా, మీకు వర్తిస్తదో లేదో చూడాలె" అన్నారు, ఇంకా చూస్తూనే ఉన్నారు. అందుకే ఈ లేఖ ఇలా అందరి ముందూ పెడుతున్నా. కంపెనీ పేరు, మనుషుల పేర్లు రాయట్లేదు, రాస్తే ఇది ఒక్క కంపెనీ గొడవ అయిపోతుంది. కంపెనీ వదిలించుకోవాలనుకున్న మనిషి చేత లీడ్‌ల ద్వారా ప్రేమగా రిజైన్ చేయించడం, "పాపం ఆయన మాత్రం ఏం చేస్తాడు" అని మనం సర్దుకుపోవడం, ఇది అన్ని ఫ్లోర్లలో జరిగేదే.

ముందు నా తప్పు నేను చెప్పుకోవాలి, లేకపోతే ఈ లేఖ రాసే అర్హత నాకు లేదు.

నన్ను తీసేయడానికి ఎనిమిది నెలల ముందు మా డెలివరీ మేనేజర్ నన్ను చిన్న మీటింగ్ రూమ్‌కి పిలిచి ఒక ఎక్సెల్ షీట్ చూపించాడు. అకౌంట్ (అంటే ఆ క్లయింట్ పని) మొత్తం మీద పద్నాలుగు పేర్లు, అందులో మూడు నా టీమ్‌వి. "నువ్వు మాట్లాడితేనే బాగుంటుంది, నువ్వంటే వాళ్ళకి ఇష్టం, హెచ్ఆర్ వస్తే భయపడతారు" అన్నాడు. నిజం చెప్పాలంటే ఆ మాటకి నాకు గర్వంగా అనిపించింది. ముగ్గురినీ విడివిడిగా కూర్చోబెట్టి, "నేను నీ ప్లేస్‌లో ఉంటే పేపర్లు పెట్టేస్తా, రిలీవింగ్ లెటర్ క్లీన్‌గా వస్తుంది, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో ప్రాబ్లం ఉండదు, నామాట విను" అని చెప్పా. ఒకబ్బాయి గొడవపడ్డాడు, ఇంకొకతను ఏం మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. మూడో అమ్మాయి, ఆరేళ్ళ నుంచి నాతోనే చేస్తోంది, నన్ను అన్నా అని పిలిచేది, రెండు నిమిషాలు తల దించుకుని కూర్చుని, "సరే అన్నా, నా వల్ల నీకు ఇబ్బంది కాకూడదు, పెట్టేస్తా" అంది.

ఉద్యోగం పోతున్నది ఆ అమ్మాయిది, ఆమె ఆలోచిస్తున్నది నా ఇబ్బంది గురించి. ఆ రోజు నాకు అది మంచితనంలాగే కనిపించింది.

తర్వాత ఎనిమిది నెలలకి అదే రూమ్, అదే కుర్చీ, ఈసారి అవతల మేనేజర్, ఇవతల నేను. "నేను నీ ప్లేస్‌లో ఉంటే..." అని మొదలుపెట్టాడు, నేను వాడిన వాక్యమే, అది నాకు వచ్చిందే ఆయన దగ్గర్నుంచి. మధ్యలో ఆయన గొంతు పట్టేసింది, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అప్పుడు నేనేం చేశానో తెలుసా, ఆయన్ని ఓదార్చా. "పర్లేదు అన్నా, మీ చేతుల్లో ఏముంది, పైనుంచి ప్రెషర్" అని నేనే వాటర్ బాటిల్ ఇచ్చి, నేనే లాప్‌టాప్ తెరిచి, రిజిగ్నేషన్ మెయిల్ ఆయన ముందే టైప్ చేశా. కారణం కాలమ్‌లో పర్సనల్ రీజన్స్ అని పెట్టా. ఇంటికొచ్చి మా ఆవిడకి చెప్తుంటే "ఆయన ఏడిస్తే నువ్వెందుకు సంతకం పెట్టావ్" అని ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. దానికి జవాబు వెతుక్కుంటూనే ఇంత దూరం వచ్చా.

మాది పాలమూరు. మా తాత గుంపు మేస్త్రి కింద కూలీకి పోయేవాడు, నాగార్జున సాగర్ కట్టేటప్పుడు కూడా కొన్నేళ్ళు అక్కడే ఉన్నాడు. (గుంపు మేస్త్రి అనే మాటని ఈమధ్య రాజకీయాల్లో వేరేగా వాడుతున్నారు, నేను దాని జోలికి పోవట్లేదు, అసలు అర్థంలోనే వాడుతున్నా.) తెలియని వాళ్ళ కోసం చెప్తా. కాంట్రాక్టరు కూలీలతో నేరుగా మాట్లాడడు. మేస్త్రికి డబ్బులిస్తాడు, మేస్త్రి ఊళ్ళోకొచ్చి పెళ్ళికో అప్పుకో అడ్వాన్స్ ఇచ్చి పదిహేను ఇరవై మందిని గుంపుగా తీసుకెళ్తాడు. ఆయన పక్కూరి వాడే, చాలాసార్లు చుట్టమే. మామా అనో బావా అనో పిలుస్తారు. రోగం వస్తే ఆయనే మందు తెస్తాడు, ఎగ్గొట్టి పోతే ఆయనే వెతుక్కుంటూ వస్తాడు. లెక్క కూడా ఆయన చేతిలోనే. ఒక సీజన్ కాంట్రాక్టరు డబ్బులెగ్గొడితే మేస్త్రి ఊళ్ళోకొచ్చి తలకాయ పట్టుకుని కూర్చున్నాడంట, మా నానమ్మ అడగబోతే తాత ఆపేశాడంట, "ఆయన మాత్రం ఏం జేస్తడే, ఆయనకీ పైన ఉన్నరు గద" అని. చిన్నప్పుడు ఈ కథ వింటే మా తాత ఎంత పెద్ద మనసున్నోడో అనుకునేవాడిని. ఇప్పుడు లెక్కేస్తే ఆ పెద్ద మనసు వల్ల లాభపడింది ఎప్పుడూ ఊళ్ళోకి రాని ఆ కాంట్రాక్టరే.

ఇది పాలమూరుతో మొదలైంది కూడా కాదు. బర్మా వెళ్ళిన మన వాళ్ళని తలుచుకోండి. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద రంగూన్‌లో తెలుగు వాళ్ళందరినీ కోరంగీలనే పిలిచేవాళ్ళు. రేవులో మూటలు మోసింది, బియ్యం మిల్లుల్లో చేసింది ఎక్కువగా మన కోస్తా వాళ్ళే, తీసుకెళ్ళింది మేస్త్రీలు. పైన పెద్ద మేస్త్రి, కింద చిన్న మేస్త్రి, ఇంకా కింద గ్యాంగు మేస్త్రి, ఒక్కో మెట్టు దగ్గర కూలీలో కొంత కోత. 1930 మే నెలలో రేవు కూలీలు జీతం పెంచమని సమ్మె చేస్తే వాళ్ళ బదులు బర్మా కూలీలని పెట్టుకున్నారు, తర్వాత సమ్మె తేలిపోయి వీళ్ళు తిరిగి రాగానే వాళ్ళని పొమ్మన్నారు, ఆ మంట పెద్ద అల్లర్లయి మన వాళ్ళు చాలామంది చనిపోయారు. కూలీ కూలీ కొట్టుకున్నారు, ఓడల కంపెనీల ఆఫీసులకి ఏం కాలేదు.

హెచ్ఆర్ వాళ్ళు ఇక్కడ కొంచెం ఆగి చదవాలి, ఎందుకంటే మీ ఉద్యోగం మూలాలు ఇక్కడున్నాయి. 1929లో బ్రిటిష్ వాళ్ళు కార్మికుల పరిస్థితి చూడమని వేసిన విట్లీ కమిషన్ 1931లో రిపోర్ట్ ఇచ్చింది. మిల్లుల్లో జాబర్ అనే వాడు, అంటే మన మేస్త్రి లాంటోడే, పనిలో పెట్టుకోవడం తీసేయడం అంతా తన చేతిలో పెట్టుకుని లంచాలు తింటున్నాడు, ఆ అధికారం వాడి దగ్గర్నుంచి తీసేయండి, లేబర్ ఆఫీసర్ అని ఒకర్ని పెట్టండి, పనివాడు నేరుగా వెళ్ళి చెప్పుకునేలా ఉండాలి అని అందులో రాశారు. 1948 ఫ్యాక్టరీల చట్టంలో 500 మంది, అంతకన్నా ఎక్కువ ఉన్న చోట వెల్ఫేర్ ఆఫీసర్ ఉండాలని పెట్టారు. అంటే మీ సీటు పుట్టిందే పనివాడి బతుకు మొత్తం ఒక్క మేస్త్రి దయ మీద ఆధారపడకూడదని. తొంభై ఏళ్ళ తర్వాత మీరేం చేస్తున్నారు? "నీ లీడ్‌తో మాట్లాడు" అంటున్నారు. మేస్త్రి వెనకాల మీరే దాక్కుంటున్నారు.

మనిషి తన మీద అధికారం ఉన్నోడిలాగే ఎందుకు తయారవుతాడనేది సైకాలజీ వాళ్ళు ఎప్పుడో చూశారు. 1936లో అన్నా ఫ్రాయిడ్, సైకాలజీలో పేరున్న సిగ్మండ్ ఫ్రాయిడ్ కూతురు, ఒక స్కూల్ పిల్లాడి సంగతి రాసింది. టీచర్ తిడుతున్నప్పుడల్లా వాడు వింతగా మొహం వికారంగా పెట్టేవాడు, క్లాసంతా నవ్వేది. వెక్కిరిస్తున్నాడని టీచర్ అనుకున్నాడు. దగ్గరుండి గమనిస్తే తేలిందేంటంటే, టీచర్‌కి కోపమొస్తే మొహం ఎలా అవుతుందో అదే మొహం వాడికి తెలియకుండానే వాడి మీదికొస్తోంది. భయపెట్టేవాడి మొహం తను పెట్టుకుంటే భయం కాస్త తగ్గుతుంది, అంతే.

నేను లీడ్ అయిన కొత్తలో మా పాత ఫ్రెండ్ ఒకడు "నువ్వు కాల్‌లో మాట్లాడుతుంటే అచ్చం మీ మేనేజర్ లాగే ఉందిరా" అన్నాడు. నవ్వేశా. "ఓనర్‌షిప్ తీసుకోవాలి", "బ్యాండ్‌విడ్త్ చూస్కోవాలి", "లాస్ట్ మినిట్‌లో సర్‌ప్రైజ్ చేయొద్దు", ఇవేవీ మా అమ్మ నేర్పిన మాటలు కాదు. ఆఖరికి మాట్లాడేముందు కళ్ళజోడు తీసి టేబుల్ మీద పెట్టడం కూడా ఆయనదే.

అయితే మన దగ్గర భయం ఒక్కటే కాదు, ప్రేమ కూడా ఉంది, దాంతోనే ఎక్కువ చిక్కు. మన ఫ్లోర్లలో ఎవరూ మేనేజర్‌ని పేరు పెట్టి పిలవరు, అన్నా, అక్కా, భయ్యా. ఆయన మా గృహప్రవేశానికి వస్తాడు, మా నాన్నకి ఆపరేషన్ అయితే రాత్రి పదకొండుకి ఫోన్ చేసి డబ్బులు కావాలా అని అడుగుతాడు. మా మేనేజర్ నిజంగా అడిగాడు, ఇచ్చాడు కూడా. ఆయన చెడ్డవాడు అని ఈ లేఖలో ఎక్కడా అనట్లేదు. చెడ్డవాడైతే అసలు ఈ పద్ధతి పనిచేసేదే కాదు. 2010లో అమెరికాలో ఎలిజబెత్ అంఫ్రెస్ అనే ఆవిడ, ఇంకో ఇద్దరు కలిసి చేసిన పరిశోధన ఒకటుంది. నేను, నా కంపెనీ ఒకటే అని గట్టిగా అనుకునే వాళ్ళు, దాంతోపాటు మేలు చేసిన వాళ్ళకి తిరిగి మేలు చేయాలనే నమ్మకం ఉన్నవాళ్ళు, కంపెనీ కోసం తప్పుడు పని చేయడానికి కూడా ఎక్కువగా ఒప్పుకుంటారని అందులో తేలింది. మన భాషలో చెప్పాలంటే ఉప్పు తిన్న విశ్వాసం. అది మంచి గుణమే, కానీ ఉప్పు పెట్టింది ఎవరు, విశ్వాసం చూపించేది ఎవరికి, దాని బిల్లు కడుతున్నది ఎవరు అని మనం ఎప్పుడూ చూసుకోం.

దీనివల్ల మామూలు ఉద్యోగులకి ఏం జరుగుతోందో ఇప్పుడు వరసగా రాస్తున్నా.

1. రిజైన్ చేయించడం. ఆ అమ్మాయి సంగతే లెక్కేద్దాం. నెలకి నలభై వేలు, ఆరేళ్ళ సర్వీసు. అప్పుడు అమల్లో ఉన్న పారిశ్రామిక వివాదాల చట్టం, 1947 ప్రకారం వర్క్‌మన్ (ఆ చట్టం రక్షణ వర్తించే ఉద్యోగి) కిందకి వచ్చే మనిషిని కంపెనీ తీసేస్తే నెల రోజుల నోటీసు లేదా నెల జీతం, ఆపైన పూర్తయిన ప్రతి ఏడాదికీ పదిహేను రోజుల జీతం ఇవ్వాల్సి ఉండేది. అంటే ఆరుసార్లు ఇరవై వేలు, లక్షా ఇరవై వేలు, నోటీసు జీతం వేరే. అదే ఆమె "తనంతట తానే" మానేస్తే అది రిట్రెంచ్‌మెంట్ (కంపెనీ తీసేయడం) కిందకే రాదు, ఈ పరిహారంలో ఒక్క రూపాయి రాదు. నేను ప్రేమగా మాట్లాడిన ఆ ఇరవై నిమిషాల ఖరీదు లక్షా ఇరవై వేల పైమాట, అది ఆమె జేబులోంచి పోయింది. నవంబర్ 21, 2025 నుంచి పాత కార్మిక చట్టాల బదులు కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి, వాటిలో కూడా ఏడాదికి పదిహేను రోజులు అలాగే ఉంది, దానికి తోడు తీసేసిన ప్రతి వర్కర్‌కీ రీస్కిల్లింగ్ ఫండ్ (కొత్త పని నేర్చుకోవడానికి నిధి) కింద ఇంకో పదిహేను రోజుల జీతం పెట్టారు. ఆ తీసేసిన అనే మాట కాగితం మీద ఉంటేనే ఇవన్నీ. ఒకటే వారంలో పద్నాలుగు మందికి పర్సనల్ రీజన్స్ ఎలా వచ్చాయో ఏ ఆఫీసరూ అడగలేదు.

2. లెక్కలోకి రాని గంటలు. 2025 జులైలో తెలంగాణ ప్రభుత్వం వాణిజ్య సంస్థల్లో రోజుకి పది గంటల దాకా పని చేయించుకోవచ్చని జీవో ఇచ్చింది, వారానికి మాత్రం 48 గంటలే, దాటితే ఓవర్‌టైమ్, అదీ మూడు నెలలకి 144 గంటలు మించకూడదు. దాని మీద వాదనలు చాలా జరిగాయి కానీ నన్నడిగితే మా ఫ్లోర్‌లో పదేం ఖర్మ, పన్నెండు కూడా ఎవరూ బలవంతం చేయలేదు, మేమే చేశాం. ఎందుకంటే ఎస్కలేషన్ (పైవాళ్ళకి ఫిర్యాదు) వస్తే "అన్న ఇరుక్కుంటాడు". షిఫ్ట్ అయిపోయాక లాగౌట్ కొట్టి మళ్ళీ వేరే ఐడీతో కూర్చునే వాళ్ళని నాకు తెలుసు, టైమ్‌షీట్‌లో ఎనిమిది అని పెట్టి. ఓవర్‌టైమ్ అడిగితే అన్నని అడిగినట్టు, అన్నకి వెన్నుపోటు పొడిచినట్టు. పెద్ద కంపెనీల పెద్దలు వారానికి 70 గంటలు చేయాలి, 90 చేయాలి అంటే సోషల్ మీడియాలో అందరం తిట్టాం, మర్నాడు పొద్దున్నే అన్న అడిగితే శనివారం లాగిన్ అయ్యాం.

3. పక్కవాడిని ఆయన కళ్ళతో చూడడం. ఇది డబ్బుల్లో లెక్కకి రాదు కానీ నాకు ఎక్కువ సిగ్గుగా ఉండేది దీని గురించే. చట్టం ప్రకారం 26 వారాల మెటర్నిటీ లీవ్ తీసుకుని తిరిగొచ్చిన ఒకామె ఆరింటికి వెళ్ళిపోతుంటే "కమిట్‌మెంట్ తగ్గింది" అని టీమ్‌లో మొదట అన్నది మేనేజర్ కాదు, మేమే. ఆయన మనసులో ఏముందో ఆయన చెప్పకముందే మేం చెప్పేశాం, ఆయన తల ఊపాడంతే. అప్రైజల్‌లో ఆమెకి కింద రేటింగ్ వచ్చింది. ఎవరో ఒకరికి రావాలి కదా, బెల్ కర్వ్. ఈ కర్వ్ సంగతి కూడా చెప్పాలి, జనరల్ ఎలక్ట్రిక్‌లో జాక్ వెల్చ్ పేరు మోగించిన పద్ధతి అది, ఉద్యోగుల్ని పైన 20 శాతం, మధ్యలో 70, కింద 10 అని విడగొట్టడం. మైక్రోసాఫ్ట్ ఇలాంటి ర్యాంకుల పద్ధతిని 2013లోనే తీసేసింది. ఇక్కడ చాలా చోట్ల తీసేశాం అంటారు, పేరు మార్చి షీట్ మాత్రం అలాగే ఉంచుతారు. షీట్‌లో చివరి గడి నింపే పని లీడ్‌ది. నింపాక ఆ మనిషికి నిజంగానే పని రాదని లీడ్ నమ్మేస్తాడు, నమ్మకపోతే రాత్రి నిద్ర పట్టదు కాబట్టి.

4. లీడ్‌కి ఏ గొడుగూ లేకపోవడం. నాకు ఎవరినీ పనిలో పెట్టుకునే అధికారం లేదు, తీసేసే అధికారం లేదు, ఒక్కరి జీతం వంద రూపాయలు పెంచే అధికారం లేదు, రెండు రోజుల కన్నా ఎక్కువ లీవ్ ఇవ్వాలంటే పైకి మెయిల్ పెట్టాలి. కానీ పేరు పక్కన లీడ్ అని ఉంది. పాత చట్టంలో సూపర్‌వైజర్ జీతం పది వేలు దాటితే వర్క్‌మన్ కాదు, కొత్త కోడ్‌లో ఆ గీత పద్దెనిమిది వేలు. హైదరాబాద్‌లో పద్దెనిమిది వేల లోపు జీతంతో ఏ లీడ్ ఉంటాడు చెప్పండి. హోదా పేరు కాదు, మనిషి నిజంగా ఏం పని చేస్తున్నాడో చూడాలని కోర్టులు ఎన్నోసార్లు చెప్పాయి, అయినా కౌంటర్ దగ్గర మొదట అడిగేది హోదానే. అంటే కంపెనీ ఒక పేరు ఇచ్చి మమ్మల్ని కిందవాళ్ళ నుంచి విడదీసింది, పైవాళ్ళలో కలపలేదు. మేం మాత్రం పైవాళ్ళతో కలిసిపోయాం అనుకుని బతికాం. ఆఫ్‌సైట్ మీటింగ్‌లో ఒకే టేబుల్ మీద తిన్నాం కదా అని.

5. నలుగురం ఒకచోట కూర్చోలేకపోవడం. బెంగళూరులో ఐటీ వాళ్ళు 2017లోనే యూనియన్ రిజిస్టర్ చేయించుకున్నారు. మన దగ్గర ఆ మాట ఎత్తితే మొదట అడ్డుపడేది లీడ్‌లే, "మా అన్న ఫీలవుతాడు" అని. నేనూ అడ్డుపడ్డా.

ఇంకొకటి ఉంది కానీ దాన్ని నంబర్లలో పెట్టలేను. తీసేసిన తర్వాత నేను ఆ మేనేజర్ మీద కోప్పడదామని చాలా ట్రై చేశా, రాలేదు. నా మీద నాకే వచ్చింది, నేనే ఇంకా బాగా చేసుంటే ఆయన నన్ను కాపాడగలిగేవాడు కదా అని. మూడు నెలలు అలా అనుకుంటూనే ఉన్నా. నాలాంటి వాళ్ళు ఎంతమంది ఇంట్లో కూర్చుని ఇదే అనుకుంటున్నారో.

ఇప్పుడు మా డిమాండ్లు. ఇవి పెద్ద పెద్దవేం కాదు, ఎక్కువ భాగం కాగితం ఖర్చే.

హెచ్ఆర్ హెడ్లకి, మేనేజ్‌మెంట్లకి:

1. మనిషిని పంపించాలనుకుంటే ఆ మాట చెప్పాల్సింది నిర్ణయం తీసుకున్నవాళ్ళు. లీడ్ చేత చెప్పించడం ఆపండి. రూమ్‌లోకి మీరు రండి, కారణం రాసి ఇవ్వండి, ఇది కంపెనీ తీసేయడం అని ఆ కాగితం మీద రాయండి.

2. అలాంటి మీటింగ్‌లో అక్కడికక్కడే రిజిగ్నేషన్ మెయిల్ తీసుకోవద్దు. కనీసం ఏడు రోజులు టైమ్ ఇవ్వండి, తోడుగా ఒక మనిషిని తెచ్చుకోనివ్వండి. ఆ ఏడు రోజుల్లో యాక్సెస్ కట్ చేయొద్దు.

3. రేటింగ్ లెటర్ మీద అది పని చూసి ఇచ్చిందా, శాతాల లెక్క కోసం కిందకి దించిందా అనేది రాయండి. లీడ్ మొదట ఇచ్చిన రేటింగ్, చివరికి వచ్చిన రేటింగ్ రెండూ ఉద్యోగికి కనపడాలి. ఎవరు మార్చారో కూడా.

4. లీడ్‌కి ఏ అధికారాలున్నాయో, ఏవి లేవో ఆఫర్ లెటర్‌లో ఒక పేజీ పెట్టండి. అధికారం ఏం లేకపోతే సూపర్‌వైజర్ అని లేబర్ ఆఫీసులో చెప్పుకోవద్దు.

5. లీడ్‌ని దాటి మీ దగ్గరికి వచ్చే దారి తెరవండి, వచ్చిన మెయిల్‌ని తిప్పి అదే లీడ్‌కి ఫార్వర్డ్ చేయకండి. నవ్వొద్దు, మా టీమ్ అబ్బాయి నా మీద పెట్టిన కంప్లైంట్ నాకే వచ్చింది, "ప్లీజ్ హ్యాండిల్" అని.

కార్మిక శాఖ అధికారులకి:

6. ఒకే కంపెనీలో ఒకే వారంలో పది మందికి మించి రిజిగ్నేషన్లు ఒకే మాటలతో వస్తే అది అనుమానించాల్సిన విషయం. పీఎఫ్ ఖాతాల్లో ఉద్యోగం మానిన తేదీ, కారణం పడతాయి, ఆ వివరాలు తెప్పించుకుని చూడొచ్చు. చూడండి.

7. అర్జీ తీసుకునేటప్పుడు హోదా అడిగి పంపించేయకండి. ఎవరిని పెట్టుకోగలవు, ఎవరిని తీయగలవు, ఎంత దాకా లీవ్ ఇవ్వగలవు అని అడగండి, అప్పుడు చెప్పండి సూపర్‌వైజరా కాదా. వర్తించదు అనుకుంటే అదే రాసి, తేదీ వేసి ఇవ్వండి, మేం పైకి వెళ్ళడానికి పనికొస్తుంది. చూస్తాం అన్నది జవాబు కాదు సార్.

8. 2025 జీవో ఇచ్చారు కాబట్టి 48 గంటల లెక్క, 144 గంటల లెక్క ఎక్కడైనా ఒక్కసారైనా తనిఖీ చేశారేమో చెప్పండి. టైమ్‌షీట్ చూస్తే లాభం లేదు, గేట్ దగ్గర యాక్సెస్ కార్డు లాగ్ చూడండి, క్యాబ్‌ల ట్రిప్ షీట్లు చూడండి. రాత్రి పన్నెండింటికి ఎంతమందిని దించారో డ్రైవర్ అన్నలకి తెలుసు.

ఇక టీమ్ లీడ్ అన్నలకీ, అక్కలకీ. మీకు డిమాండ్ పెట్టే హక్కు నాకు లేదు, బతిమాలుతున్నా అనుకోండి. మీ మేనేజర్‌ని ప్రేమించొద్దని నేను చెప్పను, ఆయన మీ ఇంటికొస్తే భోజనం పెట్టండి. కానీ ఈసారి "నువ్వు మాట్లాడితేనే బాగుంటుంది" అని ఎక్సెల్ షీట్ తెరిస్తే, "సరే అన్నా, ఇదే విషయం నాకు ఒక మెయిల్ పెట్టు, దాన్ని చూపించి మాట్లాడతా" అనండి. అంతే. తిట్టక్కర్లేదు, ఎదురు తిరగక్కర్లేదు. ఆ మెయిల్ ఎప్పటికీ రాదని నేను పందెం కాస్తా, ఎందుకు రాదో అప్పుడు మీకే అర్థమవుతుంది. ఇంకా, మీ టీమ్‌లో ఎవరైనా "నీకు ఇబ్బంది కాకూడదు అన్నా" అంటే దయచేసి అక్కడ ఆగండి, లాప్‌టాప్ మూయించండి, ఆ మనిషిని ఇంటికి పంపి ఇంట్లోవాళ్ళతో మాట్లాడి రమ్మనండి.

ఆ అమ్మాయికి పోయిన నెల ఫోన్ చేశా. సారీ చెప్దామని చేశా, ఆమె చెప్పనివ్వలేదు, "నువ్వు మాత్రం ఏం చేస్తావ్ అన్నా" అంది. "నేను చేయగలిగేవాణ్ణి, చేయలేదు" అని మూడుసార్లు చెప్పాల్సొచ్చింది ఆమె వినడానికి. ఇప్పుడు ఆమె, గొడవపడిన ఆ అబ్బాయి, నేను, ముగ్గురం కలిసి కొత్తగా ఒక అర్జీ రాసుకున్నాం. అందులో ఆమెని రిజైన్ చేయమన్నది నేనే అని, నా చేత చెప్పించింది ఎవరో, ఏ తేదీనో నేను రాసి సంతకం పెట్టా. వచ్చే సోమవారం పొద్దున పదిన్నరకి అదే లేబర్ ఆఫీసు, అదే కౌంటర్‌కి వస్తున్నాం. ఈసారి రసీదు ఇవ్వండి, దాని మీద తేదీ వేయండి.

ఇట్లు,
ఏడేళ్ళు అన్నా అని పిలిచి, నాలుగేళ్ళు అన్నా అని పిలిపించుకున్న
ఒక మాజీ టీమ్ లీడ్, హైదరాబాద్